ఓడ మల్లయ్య, బోడి మల్లయ్య

హ్యూస్టన్ పక్కన షుగర్‌లాండ్‌లో, అష్టలక్ష్మి గుడి ఆవరణలో 90 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం ఉంది. చినజీయర్ స్వామివారి పూనికతో 2024 ఆగస్టులో ప్రతిష్ఠ జరిగింది. ఏడాది తిరిగిందో లేదో, 2025 సెప్టెంబరులో, టెక్సస్ నుంచి అమెరికా సెనేట్‌కి పోటీకి దిగిన అలెగ్జాండర్ డంకన్ అనే రిపబ్లికన్ ఒకాయన ఆ విగ్రహాన్ని చూపించి, మనది క్రైస్తవ దేశం కదా, ఈ అబద్ధపు దేవుడి అబద్ధపు బొమ్మని ఇక్కడ ఎందుకు ఉండనిస్తున్నాం అని అడిగాడు.

మనకి ఒళ్ళు మండింది. మండాలి కూడా. అయితే ఆ మంటలో మనం ఎక్కడికి పరిగెత్తామో గమనించారా? భగవద్గీత దగ్గరికి కాదు. 1791లో చేర్చిన అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ దగ్గరికి. మతం గురించి అందులో ఉన్నవి ఇంగ్లీషులో పదహారే మాటలు. ప్రభుత్వం ఏ మతాన్నీ నెత్తిన పెట్టుకోకూడదు, ఎవరి మతాచారానికీ అడ్డు రాకూడదు అని వాటి సారాంశం. రెండు రోజుల పాటు మనవాళ్ళందరూ రాజ్యాంగ పండితులైపోయారు. జెఫర్సన్ అన్నారు, మాడిసన్ అన్నారు. వినడానికి ముచ్చటగానే ఉంది.

ఆ వేడి చల్లారిన మర్నాడే, ఇండియా సంగతి వచ్చేసరికి, అదే నోటితో ఏమన్నారు? ఎక్కువమంది ఏ మతం వాళ్ళుంటే ఆ దేశం వాళ్ళదే, తక్కినవాళ్ళు అణిగి ఉండాలన్నారు. డంకన్ వాక్యంలో క్రైస్తవం తీసి హిందూ అని పెడితే చాలు, ఆయనని మన శనివారం విందుకి పిలిచి పులిహోర వడ్డించవచ్చు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మనకి ఎవరూ చెప్పనక్కరలేదు.

నా ఫిర్యాదు భక్తి మీద కాదు. భక్తిని ఎత్తుబడి సరుకు చేసిన వాళ్ళ మీద, వాళ్ళకి ఇక్కడినుంచి చందాలు పంపే మన మీద.

ఎక్కడిదో ఎందుకు, మన తిరుపతి లడ్డూ సంగతే చూడండి. 2024 సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు తమ కూటమి శాసనసభ్యుల సమావేశంలో, గత ప్రభుత్వ హయాంలో లడ్డూకి వాడిన నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ప్రకటించారు. ఆధారంగా చూపించిన గుజరాత్ లాబ్ నివేదిక జులైలోనే వచ్చింది. దానిమీద కేసూ, రాష్ట్ర దర్యాప్తు బృందమూ సెప్టెంబరు చివరి వారంలో వచ్చాయి. అంటే ముందు తీర్పు, తర్వాత దర్యాప్తు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు పదకొండు రోజుల ప్రాయశ్చిత్త దీక్ష పట్టారు. ప్రతిపక్ష పార్టీ నాయకుడు జగన్మోహన్ రెడ్డి గారు తక్కువ తిన్నారా? చంద్రబాబు చేసిన పాపాన్ని కడగడానికి 28వ తేదీన ఊరూరా గుళ్ళలో పూజలు చెయ్యమని పార్టీవాళ్ళకి పిలుపిచ్చారు. ఒక పార్టీ దీక్ష, ఇంకో పార్టీ పూజ. వెంకన్న ఎవరి ఏజెంటో తేలక ఆ పది రోజులూ జనం టీవీల ముందు కూర్చున్నారు.

సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు, కనీసం దేవుళ్ళనైనా రాజకీయాలకి దూరంగా ఉంచండని చివాట్లు పెట్టింది. పరీక్షకి వెళ్ళిన నెయ్యే లడ్డూలో వాడారనడానికి రుజువేదని అడిగింది. అక్టోబరు 4న సీబీఐ వాళ్ళు ఇద్దరు, రాష్ట్ర పోలీసులు ఇద్దరు, ఆహార ప్రమాణాల సంస్థ అధికారి ఒకరు ఉండేలా కొత్త బృందాన్ని వేసింది. 2025 ఫిబ్రవరిలో ఆ బృందం డెయిరీలకి సంబంధించిన నలుగురిని అరెస్టు చేసింది. అంటే నెయ్యిలో లొసుగు లేదని నేననడం లేదు. ఆ లొసుగు ఎక్కడుందో చూడండంటున్నాను.

ఆ గొడవ మధ్యలోనే దేవస్థానం కార్యనిర్వహణాధికారి ఒక మాట చెప్పారు. నెయ్యిలో కల్తీ పట్టుకునే పరికరాలు దేవస్థానానికి సొంతంగా లేవట! వాటి ఖరీదు 75 లక్షలట. ఆ ఏడాది దేవస్థానం బడ్జెట్టు 5,141 కోట్లు. కిలో నెయ్యి 320 రూపాయలకి ఇస్తామని ఒకడొస్తే, పెరట్లో ఒక్క గేదెని కట్టుకున్న మా అమ్మమ్మ తరం వాళ్ళెవరైనా, ఇదెలా గిట్టుబాటవుతుందిరా అని అడిగి ఉండేవారు. కొండమీద అడగాల్సినవాళ్ళు అడగలేదు. ఆ బోర్డుల్లో కూర్చున్నవాళ్ళని ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ వేస్తూ వచ్చింది. 2021లో అయితే పాతికమంది సభ్యులు చాలక యాభైమందికి పైగా ప్రత్యేక ఆహ్వానితులని నియమిస్తే హైకోర్టు ఆపవలసి వచ్చింది. ఇంతమంది ధర్మరక్షకులలో ఒక్కరికీ ఆ 75 లక్షల యంత్రం గుర్తు రాలేదు. యంత్రం కొంటే ఓట్లు రావు మరి. కొవ్వు అంటే వస్తాయి.

2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వాళ్ళందరూ భక్తులే. వాళ్ళకోసం ఎవరూ పదకొండు రోజుల దీక్ష పట్టినట్టు నేను వినలేదు.

ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. 2020 డిసెంబరులో విజయనగరం జిల్లా రామతీర్థంలో రాముడి విగ్రహం తల నరికారు. జనవరి 2న చంద్రబాబు గారూ, విజయసాయిరెడ్డి గారూ ఒకే రోజున కొండకి బయల్దేరారు. దొంగ దొరకలేదు గానీ, ముఖ్యమంత్రి మతమేమిటన్నది మాత్రం పెద్ద చర్చ అయింది. సరిగ్గా ఆరు రోజులకి, జనవరి 8న, ముఖ్యమంత్రి విజయవాడలో తొమ్మిది గుళ్ళు తిరిగి కట్టడానికి శంకుస్థాపన చేశారు. ఆ గుళ్ళు ఎప్పుడు కూలాయి? 2016 కృష్ణా పుష్కరాల పనుల్లో, తెలుగుదేశం ప్రభుత్వంలో. అప్పుడు దేవాదాయ శాఖ మంత్రి ఎవరు? భారతీయ జనతా పార్టీ మాణిక్యాలరావు గారు. గుడినీ గుళ్ళో లింగాన్నీ మింగిన వాళ్ళ కథలు చిన్నప్పుడు విన్నాం. మింగినచోటే శంకుస్థాపన చేసుకునే వాళ్ళని ఇప్పుడు చూస్తున్నాం.

మైనారిటీల విషయంలోనూ ఇదే తంతు. జెరూసలేం యాత్రకి ఇచ్చే సర్కారు సాయాన్ని 2019లో 40 వేల నుంచి 60 వేలకి పెంచారు. ఇమాములకింత, పాస్టర్లకింత అని రెండు పక్షాలూ వాగ్దానాలు చేస్తూనే ఉన్నాయి. అత్త సొమ్ము అల్లుడు దానం. ఆ పాస్టరు పిల్లవాడు చదివే బడికి కప్పు వేస్తే అది అందరి పిల్లల మీదా నీడ అవుతుంది. కానీ కప్పుకి కులం లేదు, మతం లేదు, అందుకని దాన్ని ఏ సభలోనూ ఎవరూ ప్రకటించరు.

ఇంతకీ వీటితో మనకేం పని, పదివేల మైళ్ళ దూరంలో ఉన్నాం కదా అంటారా? న్యూయార్కులో ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్ళే ఉంటారు. 1977లో ప్రతిష్ఠ. కింద కాంటీన్లో దోసె తిని వచ్చేస్తాం గానీ, ఆ వీధి పేరేమిటో చూడం. బౌన్ స్ట్రీట్. ఆ ఊరు డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉన్నప్పుడు గవర్నర్ స్టైవెసాంట్, క్వేకర్లనే శాఖవాళ్ళని ఎవరూ ఇంట్లోకి రానివ్వకూడదని శాసించాడు. 1657లో ముప్ఫైమంది ఊరివాళ్ళు, వాళ్ళు క్వేకర్లు కాకపోయినా, మేం ఈ ఆజ్ఞ పాటించమని రాసి సంతకాలు పెట్టారు. యూదులకీ, టర్కులకీ, ఈజిప్షియన్లకీ కూడా ఇదే న్యాయమని ఆ కాగితంలో రాశారు. ఊరి అధికారులని జైల్లో పెట్టారు. అయిదేళ్ళ తర్వాత జాన్ బౌన్ తన ఇంట్లో క్వేకర్లని కూడనిచ్చాడని పట్టుకుని దేశం దాటించారు. తమ మతం కానివాళ్ళ కోసం దెబ్బలు తిన్న మనుషుల వీధిలో మన వినాయకుడు కూర్చుని ఉన్నాడు. ఆ గుళ్ళో కొబ్బరికాయ కొట్టి, బయటికొచ్చి, గుంటూరులో మసీదు మైకు గురించి మండిపడేవాడికి ఆ వీధిలో నిలబడే హక్కు ఏ కాగితం ఇచ్చిందో తెలియకపోవడం నాకు దిగులుగా ఉంటుంది.

వచ్చే వేసవిలో మళ్ళీ సభలు జరుగుతాయి. ఎవరో ఒక మంత్రిగారు, ఎవరో ఒక మాజీ మంత్రిగారు శాలువాలు కప్పించుకోవడానికి వస్తారు. ధర్మం ప్రమాదంలో పడిందని మైకులో చెప్తారు. మనం లేచి నిలబడి చప్పట్లు కొడతాం. ఈసారి ఆ చప్పట్ల మధ్య ఒకరెవరైనా లేచి, అయ్యా, తమరి హయాంలో కొండమీద నెయ్యి పరీక్షించే యంత్రం ఎందుకు లేకపోయింది, టోకెన్ల దగ్గర జనాన్ని చూసుకునే మనిషి ఎందుకు లేడు అని అడగండి. అలా అడిగితే మరుసటేడు ముందు వరసలో కుర్చీ ఉండదు, ఇండియా వెళ్ళినప్పుడు బ్రేక్ దర్శనానికి సిఫారసు ఉత్తరమూ రాదు అని మా మిత్రుడొకాయన హెచ్చరించాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఉత్తరం పోయిన ఏడాది ఆయన దగ్గర ఉంది.