బోర్డు లేని బేరం మన ఇండ్లకు వద్దు

"ఎక్స్ఛేంజీకి రాకముందే కొనండి, వచ్చినాక రెండింతలు" అని చెప్పేవాళ్లు మా వీధుల్లోకి కూడా వచ్చేశారు. ఒకప్పుడు బంగారు స్కీములు, ఇప్పుడు అన్‌లిస్టెడ్ షేర్లు. అంటే ఎక్స్ఛేంజీలో ఇంకా నమోదు కాని కంపెనీల షేర్లు. డీలరు చెప్పిన ధరకు దుడ్డు పంపితే అవి మన డీమ్యాట్ ఖాతాలో పడతాయి. ఇది చట్టవిరుద్ధం కాదు, అందుకే మనవాళ్లు ధైర్యంగా దిగుతా ఉన్నారు. చట్టం వద్దనకపోయినా నెలజీతంతో బతికే ఇండ్లలోకి ఈ బేరం రాకూడదు అనేదే నా వాదన.

మా హోసూరు ఉళవర్ సందైలో టమాటా ఈరోజు కిలో ఎంతో బోర్డు మీద రాసి పెడతారు. చదువు రాని అవ్వ కూడా పక్కవాళ్లను అడిగి తెలుసుకుని కొంటుంది. ఎక్స్ఛేంజీ కూడా అలాంటిదే, ఎంతకు అడిగారో ఎంతకు ఇచ్చారో అందరికీ కనిపిస్తుంది. అన్‌లిస్టెడ్ షేరుకు ఆ బోర్డే లేదు. ఒకే రోజు ఇద్దరు డీలర్లు రెండు ధరలు చెప్పవచ్చు. మనకు అమ్మేటప్పుడు ఒక రేటు, మన దగ్గర తిరిగి కొనేటప్పుడు ఇంకో రేటు. అది కూడా కొనేవాడు దొరికితేనే!

"కంపెనీ గట్టిదైతే భయమేముంది?" అంటారు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకు చెందిన హెచ్‌డీబీ ఫైనాన్షియల్ సర్వీసెస్ గట్టి కంపెనీయే. 2025లో దాని షేరు బయట 1,200 రూపాయలు దాటి అమ్ముడుపోయింది. జూన్‌లో పబ్లిక్ ఇష్యూ వచ్చినప్పుడు కంపెనీ పెట్టిన ధర 700 నుంచి 740. జూలై 2న ఎక్స్ఛేంజీలో 835 దగ్గర మొదలైంది. బయట 1,200కు 100 షేర్లు కొన్నవాళ్లకు లెక్క వేయండి, 36,500 రూపాయలు పోయినట్టే. పోనీ అమ్మేద్దామంటే, ఇష్యూకు ముందు కొన్న షేర్లను ఆరు నెలలు అమ్మకూడదనే నియమం ఉంది. అందరికంటే ముందు కొన్నవాళ్లు నష్టపోయారు, వెనక వరుసలో 740కి తీసుకున్నవాళ్లు మొదటి రోజే లాభం చూశారు. ఇందులో కంపెనీ మోసం ఏమీ లేదు. తప్పు ఆ బోర్డు లేని ధరది.

దీనికి జవాబుగా టాటా టెక్నాలజీస్ పేరు చెప్తారు. నిజమే, 2023లో 500కు ఇచ్చిన షేరు 1,200 దగ్గర మొదలైంది. కానీ ఆ 500 ధర పబ్లిక్ ఇష్యూలో అందరికీ తెరిచి పెట్టిందే కదా? అడిగినవాళ్లందరికీ షేర్లు రాలేదు, కానీ రానివాళ్ల దుడ్డు వాళ్ల ఖాతాలోనే ఉండిపోయింది.

ఇలాంటి షేర్లు అమ్మే ఆన్‌లైన్ వేదికలకు తమ గుర్తింపు లేదని సెబీ 2024 డిసెంబరులోనే హెచ్చరించింది. ఆ ప్రకటన మా వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ పంపలేదు, రెండింతల మెసేజీలు మాత్రం రోజూ వస్తాయి.

మా ఇంట్లో ఈ చర్చ అక్క కాలేజీ ఫీజుకని ఎత్తిన చీటీ దుడ్డు మీద వచ్చింది. "కొన్ని నెలలే కదా" అన్నాడు మామ. ఆ నెలల్లోనే ఫీజు గడువు ఉంది, ఆరు నెలల నియమం కాలేజీ ఆఫీసులో చెప్తే వింటారా? "నువ్వు పదో తరగతి పరీక్ష చూసుకో, దుడ్డు మాటలు పెద్దోళ్లవి" అని నన్ను కసిరారు. ఫీజు పోతే చదువు మానాల్సింది పెద్దోళ్లు కాదు, అక్క. ఈరోజు కొన్నది రేపే తిరిగి ఇచ్చేస్తే ఎంత ఇస్తారో డీలరును రాసి ఇమ్మని అడగమన్నాను. మామ అడిగాడు. కంపెనీ ఫోటోలు నాలుగు వచ్చాయి, ధర రాలేదు. చీటీ దుడ్డు ఇప్పటికి బ్యాంకులోనే ఉంది.