క్రోమ్ సరే, స్లడ్జ్ ట్రాప్ సంగతేంటి?

మా పెద్దమ్మ కొడుకు కవెంట్రీలో ఎంఎస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. పోయిన నెల వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. 1970 మోడల్ ట్రయంఫ్ బోనవిల్, టీ120. "ఫుల్‌గా రీస్టోర్ చేసి అమ్మకానికి పెట్టారు రా, కొనేయనా?" అని కింద ఒక లైను. కవెంట్రీ పక్కనే ఉన్న మెరిడెన్‌లో ఈ బండ్లు తయారయ్యేవి. 1983లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అంటే బండి పుట్టింటి దగ్గరే అమ్ముడుపోతోందన్నమాట.

అబద్ధం ఎందుకు, ఫొటో చూసి నేనూ పడిపోయాను. ట్యాంకు అద్దంలా ఉంది. సైలెన్సర్‌లో ఎదురుగా ఉన్న గ్యారేజీ తలుపు కనిపిస్తోంది. 649 సీసీ, రెండు సిలిండర్లు, గేర్ కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. పేరులో 120 అంటే గంటకి 120 మైళ్లు పోతుందని కంపెనీ చెప్పుకున్న గొప్ప. తాతయ్య బుల్లెట్ వెనకాల కూర్చుని పెరిగినవాణ్ణి కాబట్టి ఇలాంటి బండ్లంటే నాకు కాస్త పక్షపాతమే.

అయినా అన్నయ్యకి "ఆగు" అనే రాశాను. ఎందుకో చెప్తా.

ఈ ఇంజన్లో ఇప్పటి బండ్లలాగా మార్చి పారేసే ఆయిల్ ఫిల్టర్ ఉండదు. జల్లెడలాంటి వైరు జాలీ ఉంటుంది, అంతే. సన్నటి మురికిని ఆపే పని క్రాంక్‌షాఫ్ట్‌ది. దాని లోపల ఉండే ఒక గొట్టం పేరే స్లడ్జ్ ట్రాప్. క్రాంక్ తిరిగే వేగానికి ఆయిల్లోని బరువైన మురికి గొట్టం గోడకి కొట్టుకుని అక్కడే పేరుకుంటుంది, శుభ్రమైన ఆయిల్ బేరింగులకి పోతుంది. ఐడియా బాగుంది. చిక్కేంటంటే ఆ గొట్టం ఏళ్ల తరబడి నిండుతూనే ఉంటుంది. పూర్తిగా పూడుకుపోయిందా, బేరింగులకి ఆయిల్ అందదు, ఇంజన్ పట్టేస్తుంది. శుభ్రం చేయాలంటే ఇంజన్ మొత్తం దించి, క్రాంక్‌కేసు రెండుగా విడదీసి, క్రాంక్ బయటికి తీసి, దాని ప్లగ్గు విప్పాలి. యాభై ఏళ్లుగా కదలని ప్లగ్గు ఊరికే రాదు. అంత చాకిరీ చేసి మళ్లీ బిగిస్తే బయటికి కనిపించేది ఏమీ లేదు. అదే డబ్బుతో క్రోమ్ వేయిస్తే బండి వెలిగిపోతుంది.

అందుకే, రీస్టోర్ చేశామన్న మాటకి డబ్బులు ఇవ్వకూడదంటాను. విప్పినప్పుడు తీసిన ఫొటోలకీ, బిల్లులకీ ఇవ్వాలి. మన సెమిస్టర్ ప్రాజెక్టులు గుర్తున్నాయా? డెమో రోజు లాగిన్ పేజీకి మంచి రంగులు కొట్టి, వెనకాల డేటాబేస్ బదులు ఒక అర్రే పెట్టి నెట్టుకొచ్చిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. మార్కులు కూడా వచ్చాయి. అప్పట్నుంచీ మెరుపు చూస్తే నాకు అనుమానం.

నంబర్ల సంగతీ చూసుకోవాలి. ఈ బండ్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఫ్రేము మీదా ఇంజన్ మీదా ఒకే నంబరు ఉంటుంది. 1969 నుంచి ఇంజన్ నంబరు కొట్టే చోట చిన్న చిన్న ట్రయంఫ్ గుర్తులు కూడా అచ్చు వేశారు. ఎవరైనా అరగదీసి వేరే నంబరు కొడితే ఆ గుర్తులు పోతాయి, దొరికిపోతారు. చూడటానికి ఒక టార్చ్, రెండు నిమిషాలు చాలు.

"మ్యూజియంలో పెట్టడానికి కాదు రా, తిరగడానికి" అన్నాడు అన్నయ్య. నిజమే, తిరిగేవాడికి కొత్త పెయింటు వల్ల నష్టమేమీ లేదు. కానీ ముట్టుకోకుండా వదిలేసినదానికీ ఒక విలువ ఉంటుంది. కార్న్‌వాల్‌లో దశాబ్దాల పాటు తుప్పుపట్టి పడున్న కొన్ని బ్రఫ్ సుపీరియర్ బండ్లని 2016లో స్టాఫర్డ్‌లో వేలం వేశారు. వాటిలో నాలుగు సిలిండర్ల బండి ఒకటి 3,31,900 పౌండ్లు పలికింది. తుప్పుతోనే! చాలా అరుదైన బండి కాబట్టి అంత ధర, ఒప్పుకుంటా. అయినా అందులో ఏది పాతదో, ఏది కొత్తదో అని ఎవరూ తల పట్టుకోనక్కర్లేదు. మన బోనవిల్ ట్యాంకు అసలుదో, ఇండియాలోనో తైవాన్‌లోనో చేసిన నకలో ఫొటోలో తెలీదు. (మనవాళ్లు కొట్టిన రేకుకి ఇంగ్లండులో రంగేసి మళ్లీ మనవాడికే అమ్మితే ఎలా ఉంటుంది! ట్యాంకుకి వీసా కష్టాలు కూడా లేవు.)

శనివారం అన్నయ్య వెళ్లి చూశాడు. నంబర్లు సరిపోయాయట. స్లడ్జ్ ట్రాప్ గురించి అడిగితే "ఇంజన్ బాగానే నడుస్తోంది, విప్పాల్సిన అవసరం రాలేదు" అన్నాడట అమ్మే ఆయన. అన్నయ్య ఇంకా ఊగిసలాడుతున్నాడు. నిన్న ఇంకో ఫొటో పంపాడు, సాయంత్రం ఎండలో బండి బంగారంలా ఉంది.

"క్రాంక్ ఫొటో ఉందా?" అని రిప్లై ఇచ్చాను. బ్లూ టిక్ పడింది.