టీషర్టు కాదు, సిరిసిల్ల బట్టతో అంగి కుట్టిద్దాం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడిపిల్లల తల్లిదండ్రులకు, సార్లకు, మేడమ్‌లకు విన్నపం



దసరా సెలవులు ఇంకో వారం ఉన్నాయనగా ఫోన్లు మోగుతాయి. "బతుకమ్మ సెలబ్రేషన్స్‌కు క్లాస్ టీషర్ట్ కంపల్సరీ. రేపటికల్లా 350 రూపాయలు పంపండి." పోయినేడు మాకూ వచ్చింది, కట్టాం. ఆట రోజు పొద్దున టీషర్టు చేతికిచ్చారు. వీపు మీద 'హ్యాపీ హాలిడేస్', దాని కింద నలభై మంది పిల్లల పేర్లు. మా బిడ్డ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. రెండో ఉతుకుకు మిగతా అక్షరాలూ పెచ్చులూడాయి. దానికి నవ్వుకున్నాం. నవ్వురానిది ఇంకొకటుంది. ఆ రోజు ఇద్దరు పిల్లలు బడికే రాలేదు. బీడీల కూలి చేతికి రాని వారంలో ఏ తల్లయినా బిడ్డను వేరే అంగితో పంపి నలుగురిలో చిన్నబుచ్చుతుందా? ఇంట్లోనే ఉంచుకుంటుంది.

క్లాసు మొత్తానికి ఒక్క తీరు అంగి వద్దని మేం అనం. పిల్లలకు అదొక సంబురం. మేం అడిగేది, ఆ అంగి సిరిసిల్ల బట్టతో మన ఊరి కుట్టుమిషన్ మీద తయారు కావాలని. అందుకు మాట దసరా ముందు కాదు, ఆషాఢంలోనే అనుకోవాలని.

ఆషాఢమే ఎందుకో 2017 చెప్తుంది. ఆ ఏడు సర్కారు తొలిసారి బతుకమ్మ చీరలు పంచింది. లక్షల చీరలు నేయడానికి సిరిసిల్ల మరమగ్గాలకు, అంటే మన సాంచాలకు, సమయం చాలదని సగం దాకా సూరత్ నుంచి తెప్పించారు. పండుగ పూట చీర అందుకున్న ఆడబిడ్డలే ఆ బట్ట చూసి మండిపడ్డారు. తర్వాతి ఏళ్లలో ముందే ఆర్డర్లిస్తే సిరిసిల్లలో నెలల తరబడి పని దొరికింది. ఆ ఆర్డర్ ఆగిపోయిన 2024లో ఎన్ని సాంచాలు మూలపడ్డాయో, కండెలు చుట్టే అక్కలు ఎట్లా ఖాళీగా కూర్చున్నారో సిరిసిల్ల వాళ్లకు మేం చెప్పేదేముంది? ఆలస్యమైన ఆర్డర్ ఊరు దాటిపోతుంది. సర్కారు చీరకైనా, మన పిల్లల అంగికైనా ఇదే తీరు.

టీషర్టునే సిరిసిల్లలో నేయించొచ్చు కదా అని కొందరు అడిగారు. కుదరదు. టీషర్టు అల్లిక బట్ట, స్వెట్టర్ లాగా దారాన్ని ఉచ్చులుగా అల్లుకుంటూ పోతారు. దానికి తిరుప్పూరు పెట్టింది పేరు. మన సాంచా పడుగు పేకలతో నేస్తుంది, కాబట్టి దాని మీద వచ్చేది అంగి బట్టే. అదే మనకు మేలు కూడా. టీషర్టు మీద ధగధగలాడే రంగుల ఫొటో ప్రింటు వేడితో అంటుకునేది పాలిస్టర్ మీదే. కాటన్ టీషర్టు మీద తక్కువలో అయిపోవాలంటే స్టిక్కర్ లాంటి ముద్ర వేస్తారు, అది ఊడుతుంది. పాలిస్టర్ చెమట పీల్చదు. మధ్యాహ్నం ఎండలో గంటసేపు బతుకమ్మ చుట్టూ తిరిగే పిల్ల ఒంటి మీద అది ఎట్లుంటుందో ఒకసారి మీరే తొడుక్కుని చూడండి.

సిరిసిల్ల సాంచాల మీద ఎక్కువగా నడిచేదీ పాలిస్టరే, దాచడమెందుకు? కానీ లంగాలకు వాడే కాటన్ గుడ్డ కూడా అక్కడ నేస్తారు. మనకు కావలసింది అది.

లెక్క చూడండి. పదేళ్ల పిల్లకు పొట్టి చేతుల అంగికి దాదాపు ఒకటిన్నర మీటరు పడుతుంది. నలభై మందికి అరవై మీటర్లు. అరవై మీటర్ల కోసం ఏ సాంచాల ఆసామీ కొత్త పడుగు బీము ఎక్కించడు, ఎక్కించమని అడగడమూ న్యాయం కాదు. అందుకే ఒక్క క్లాసుగా పోవద్దు. ఊళ్లోని నాలుగు బడులు కలిస్తే, లేదా కోరుట్ల, జగిత్యాల కలిసి ఒక్కసారే పోతే, నేసి పెట్టిన తానులే కొనొచ్చు. ఒకే డైయింగ్‌లో తంగేడు పువ్వు రంగు వేయించొచ్చు. చందుర్తి మీదుగా వేములవాడ దాటితే సిరిసిల్లే. మొక్కుకు పోయే దారే అది, తానులు కూడా అదే దారిన వస్తాయి.

కుట్టేదెవరు? సర్కారు బడి పిల్లల యూనిఫాంలు ఇప్పటికే మహిళా సంఘాల అక్కలే కుడుతున్నారు. 2024లో వాళ్ల కుట్టుకూలి 50 నుంచి 75 రూపాయలకు పెంచారు. మన అంగికి అంతకన్నా ఎక్కువే ఇద్దాం, ఎందుకంటే ఒక్కటి అడుగుతున్నాం: పిల్ల ఒంటి మీద టేపు పెట్టి కొలత తీయాలి. అందాజుగా కుడితే చేతులు మోచేయి దాటుతాయి, మెడ పట్టదు.

బొమ్మ మాటకొస్తే, ఇంటర్నెట్‌లో దొరికే బెలూన్లు వద్దు. పిల్లలనే గీయమందాం. ఒక్క రంగులో స్క్రీన్ ప్రింటింగ్ చేయించాలంటే ఒక్క ఫ్రేము చాలు. ఆ ఫ్రేము ఖర్చు ఎన్ని అంగీలు వేయిస్తే అంత పలచబడుతుంది. సిరిసిల్ల నేత కార్మికుడు ఎల్ది హరిప్రసాద్ జీ-20 లోగోను తన మగ్గం మీద బట్టలోనే నేసి ప్రధానికి పంపితే, 2022 నవంబర్ మన్ కీ బాత్‌లో దేశమంతా ఆయన పేరు విన్నది. బట్ట మీద బొమ్మ ఎట్లా వేయాలో మనకు ఇంకొకరు నేర్పాలా?

పైసల సంగతి. 'రేపటికల్లా' అనే మెసేజ్ ఇక రావద్దు. మూడు నెలల ముందు చెప్తే నెలకింత చొప్పున పక్కకు పెట్టుకోవచ్చు. కట్టలేని ఇల్లు ఏదో క్లాస్ టీచర్‌కు ఒక్కరికే తెలిస్తే చాలు, క్లాసులో పేర్లు చదవద్దు. ఆ ఒకటి రెండు అంగీల ఖర్చు మిగతా అందరి మీద పంచితే తలా పది, ఇరవై రూపాయలు. దుబాయిలో ఉన్న అన్నలు కొందరు ఆ మాత్రం మేమే చూసుకుంటామని ఇప్పటికే అన్నారు.

కొన్ని ఇళ్లలో రెడీమేడ్ టీషర్టే ముచ్చట అంటారు. అనుకోనివ్వండి, కొనుక్కోనివ్వండి. 'కంపల్సరీ' అనే మాట మాత్రం బడి నోట రావద్దు.

జూన్‌లో బడులు తెరిచాక జరిగే మొదటి పేరెంట్స్ మీటింగ్‌కు ఈ కాగితం తీసుకొని రండి. తంగేడు రంగు అంగి ఒకటి మాదిరికి కుట్టించి పెట్టాం, అక్కడ చూపిస్తాం. ముట్టుకొని చూడండి, కావాలంటే ఇంటికి పట్టుకుపోయి నాలుగుసార్లు ఉతికి తెండి.

మీ తోటి తల్లిదండ్రులు