ఆర్ట్స్ కళాశాల: మిగిలిన రాయి, మరచిన మాట

ఉస్మానియా విశ్వవిద్యాలయం అనగానే ఎవరి కళ్ళ ముందైనా మెదిలేది ఆర్ట్స్ కళాశాల భవనమే. ఆ ముఖద్వారపు మహా కమానునూ, విశాలమైన మెట్లనూ, గులాబీ ఛాయ గల గ్రానైటు గోడలనూ మెచ్చుకోని వారుండరు. అయితే ఆ భవనం ఏ సంకల్పానికి గూడుగా లేచిందో తలచుకునేవారు మాత్రం అరుదు. ఈ మరపు నాకు బాధాకరంగా తోస్తుంది.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా జారీ చేయగా, 1918లో విశ్వవిద్యాలయం వెలసింది. తొలినాటి తరగతులు అద్దె భవనాలలో నడిచాయి. తరువాత అడిక్‌మెట్ వద్ద స్థలం కుదిరింది. నమూనాలు చూచి రావడానికి జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు నిపుణులు దేశదేశాలు తిరిగారు. కైరో చెంత హీలియోపోలిస్ నిర్మాణాలతో పేరొందిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేశాడు. 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగింది.

కమానులలో ఇస్లామీయ సంప్రదాయం, స్తంభాలలో అజంతా ఎల్లోరా గుహల పోలిక కనిపిస్తాయి. అయినా అతుకు కానరాదు. ఆ ఘనత సగం రాతిదేనని నా అభిప్రాయం. గ్రానైటు ఉలికి సులభంగా లొంగదు. కాబట్టి సన్నని నగిషీల కన్నా గోడల నిండుదనమూ, లోతైన కమానుల కింది వెలుగునీడలూ ఇక్కడ ఎక్కువగా మాట్లాడతాయి.

ఇక ఆ సంకల్పం. ఉన్నతవిద్య అంటే ఆంగ్లమే అనుకునే కాలంలో ఇక్కడ బోధన ఉర్దూలో సాగింది. ఆంగ్లం తప్పనిసరిగా చదవవలసిన ఒక పాఠ్యాంశం మాత్రమే. చరిత్ర, తర్కం, రసాయనశాస్త్రం, వైద్యం వంటి శాస్త్రాలకు పుస్తకాలు లేకపోతే, వాటిని తయారు చేయడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి తొలి సారథి. పండితులు కూర్చుని ఒక్కొక్క పారిభాషిక పదాన్నీ చర్చించి స్థిరపరిచారు. భాషకు శక్తి చాలదని చేతులెత్తేయక, శక్తి చేకూర్చే పనికి పూనుకున్నారు.

అంతమాత్రాన లోపాన్ని దాచనక్కరలేదు. నిజాము రాష్ట్రంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడం వారూ లక్షలలో ఉండేవారు. ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదో వంతు. రాజు ఎంచిన భాష ప్రజలలో అధికులది కాదు. భవనం లేస్తుండగానే, 1938లో, వందేమాతరం పాడినందుకు విద్యార్థులు బహిష్కృతులయ్యారు. ఎందరో నాగపూరు వెళ్ళి చదువు సాగించారు. కమానుకూ స్తంభానికీ దొరికిన పొత్తు పాఠానికి దొరకలేదు.

1948 తరువాత ఉర్దూ మాధ్యమం అంతరించి ఆంగ్లం వచ్చింది. దోషాన్ని సరిదిద్దబోయి సంకల్పాన్నే పారవేశాము. ఉర్దూ స్థానంలో తెలుగు రావలసింది, రాలేదు. ఆ వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్న పి.వి. నరసింహారావే 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీకి తొలి అధ్యక్షుడు కావడం చరిత్రలోని చమత్కారం. దారుల్ తర్జుమా ఉర్దూకు చేసిన పనినే అకాడమీ తెలుగుకు తలపెట్టింది. పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వెలువడ్డాయి. కాని శాస్త్రం తెలుగులో చెప్పడం అసాధ్యమనే నమ్మకం మనలో చెక్కుచెదరలేదు.

అసాధ్యమనేవారికి ఈ భవనమే నా సమాధానం. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయం దశాబ్దాల పాటు నడిచిన ప్రాంగణమిది. దానిని వారసత్వ సంపదగా కాపాడుకోవడం మన ధర్మమే. అయితే రాతిని తుడిచి మెరుగుపెట్టినంత మాత్రాన వారసత్వం దక్కదు. ఒక్క కొత్త శాస్త్రపదాన్ని తెలుగులో తడబాటు లేకుండా వాడిన ప్రతివాడూ ఆ కట్టడానికి మరొక రాయి పేర్చినట్టే. మిత్రులు ఏమంటారు?