రూపాయి పెట్టకండి.. శాతం రాయండి

ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ మొదలైందంటే హన్మకొండ, కాజీపేట హాస్టళ్లలో నిద్ర వేళలు మారిపోతాయి. మార్చిలో చాలా మ్యాచ్‌లు మన టైమ్‌కి రాత్రి ఒంటిగంటన్నరకి. ఏప్రిల్‌లో, అక్కడి గడియారాలు గంట ముందుకు జరిగాక, పన్నెండున్నరకి. పొద్దున్నే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉన్నా సరే ఒక ఫోన్ చుట్టూ నలుగురు చేరతారు. అందులో తప్పేం లేదు. రెండో లెగ్ అంత రంజుగా ఉండే ఆట ఇంకోటి లేదని నేనూ ఒప్పుకుంటా. నా అభ్యంతరమల్లా ఆ నలుగురిలో ఒకరి ఫోన్‌లో తెరిచి ఉన్న ఇంకో పేజీ మీద. అందులో కనిపించేది స్కోరు కాదు, రేటు.

అడిగితే ఒకటే సమాధానం: 'ఇది మట్కా కాదన్నా, నాకు ఆట తెలుసు'. తెలుసు, కాదనను. కానీ ఆట తెలియడం వేరు, పందెం తెలియడం వేరు. రెండో లెగ్‌లో ఈ తేడా బాగా బయటపడుతుంది.

2022 ఏప్రిల్ సంగతే చూడండి. మొదటి లెగ్‌లో రియల్ మాడ్రిడ్ చెల్సీని 3-1తో కొట్టింది. రెండో లెగ్ సొంత మైదానంలో. 'రియల్ గెలుపు' అని పందెం కాసినవాడి లెక్కలో లోపమేం కనిపించదు. కానీ 90 నిమిషాలు ముగిసేసరికి ఆ మ్యాచ్‌లో చెల్సీ 3-1తో ముందుంది. అదనపు సమయంలో బెంజెమా గోల్ కొట్టాడు, మొత్తం 5-4తో రియల్ సెమీస్‌కి వెళ్లింది. జట్టు ముందుకెళ్లింది, పందెం మాత్రం పోయింది. ఎందుకంటే మ్యాచ్ ఫలితంపై కాసే పందెం సాధారణంగా 90 నిమిషాలు, ఇంజురీ టైమ్ వరకే లెక్క. పైగా ఆధిక్యంలో ఉన్న జట్టు రెండో లెగ్ గెలవాలని ఆడదు, ఆధిక్యం కాపాడుకోవాలని ఆడుతుంది. 'ఎవరు గెలుస్తారు', 'ఎవరు ముందుకెళ్తారు' అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ప్రశ్న సరిగ్గా చదవకుండా జవాబు రాసేస్తే ఏమవుతుందో గ్రూప్స్ రాసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు మన జ్ఞాపకాలది. 2017లో 0-4తో వెనకబడిన బార్సిలోనా పీఎస్‌జీని 6-1తో కొట్టింది. 2019లో 0-3 నుంచి లేచి లివర్‌పూల్ అదే బార్సిలోనాని 4-0తో ఇంటికి పంపింది, అదీ సలా, ఫిర్మినో లేకుండా. ఇవి ఎప్పటికీ మర్చిపోం. మొదటి లెగ్ ఆధిక్యం అలాగే నిలిచి, చప్పగా ముగిసిన మ్యాచ్‌లు ఒక్కటీ గుర్తుండవు. పెద్ద రేటు చూడగానే మనసులో మెదిలేది లివర్‌పూలే. పందెం పేజీ బతికేది ఆ మెదలడం మీదే.

ఇప్పుడు అసలు లెక్క. సమానమైన రెండు జట్లకి చెరో 1.90 రేటు పెట్టారనుకోండి. చెరో వైపు ఒకరు వంద కాస్తే 200 వచ్చింది. గెలిచినవాడికి ఇచ్చేది 190. పది రూపాయలు ఎవరు గెలిచినా బుకీవే. 'కాంబో' అని నాలుగు మ్యాచ్‌లు కలిపి కాస్తే ఇంకా దారుణం. నాలుగూ సరిగ్గా తగలడం సగటున పదహారుసార్లలో ఒక్కసారి. పదహారుసార్లు వందేసి 1,600 పెడితే తిరిగొచ్చేది సుమారు 1,303. ఆప్టిట్యూడ్ పేపర్‌లో ఈ లెక్క అరనిమిషంలో చేసేవాళ్లే అర్ధరాత్రి ఆ ఊసే మర్చిపోతారు.

చట్టం సంగతి టూకీగా. తెలంగాణ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లోనే సవరించి ఆన్‌లైన్‌కీ వర్తింపజేసింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటల్ని, వాటి ప్రకటనల్ని, చెల్లింపుల్ని దేశమంతా నిషేధించింది. అంటే ఇప్పుడు టెలిగ్రామ్‌లో దొరికే లింకులన్నీ దొడ్డిదారివే. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

ఉద్యోగం వెతుక్కునేవాళ్లు అన్నిటికన్నా భయపడాల్సింది ఇంకోటుంది. 'నీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వు, నెలకింత కమీషన్' అనే ఆఫర్. జేబులో చిల్లర లేనప్పుడు అది పార్ట్‌టైమ్ జాబ్‌లా కనిపిస్తుంది. తీరా ఆ ఖాతాలో తిరిగింది పందెం డబ్బో, సైబర్ మోసం డబ్బో అయితే ఖాతా స్తంభిస్తుంది, పోలీసుల పిలుపు వచ్చేది మీకే. సర్కారీ కొలువుకి ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి ఒక గడి ఉంటుంది. దాని ముందు కూర్చున్నప్పుడు ఆ కమీషన్ ఎంత వచ్చిందో కూడా గుర్తుండదు.

మరి ఆట తెలిసినందుకు ఏం చేయాలి? నోటుబుక్కు తీయండి. మ్యాచ్‌కి ముందు ఏ జట్టు ముందుకెళ్తుందో, ఎంత శాతం నమ్మకమో, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి. 70 శాతం అని రాశారు, జట్టు వెళ్లింది: 1లోంచి 0.7 తీసేసి వర్గం చేస్తే 0.09. వెళ్లలేదు: 0.7 వర్గం, 0.49. ఎంత తక్కువొస్తే అంత మంచి అంచనా. దీన్ని బ్రయర్ స్కోరు అంటారు. 1950లో గ్లెన్ బ్రయర్ వాతావరణ అంచనాల కోసం ప్రతిపాదించాడు. ప్రతిదానికీ 50 శాతం అని రాస్తే వచ్చేది 0.25, కాబట్టి అదే పాస్ మార్కు.

ఇప్పటి పద్ధతిలో సీజన్‌కి రెండు లెగ్‌ల పోరాటాలు 22 ఉంటాయి. అన్నిటికీ ఇలా రాసి, ఎక్సెల్‌లోనో పైథాన్‌లోనో పెట్టి, ఎక్కడ తప్పామో చూసుకుంటే అదే ఒక ప్రాజెక్టు. స్టాట్స్‌బాంబ్ సంస్థ కొన్ని పోటీల డేటాని గిట్‌హబ్‌లో ఉచితంగానే పెట్టింది. డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూలో 'ప్రాజెక్టు ఏం చేశావ్' అంటే నెట్‌లోంచి దించుకున్న టైటానిక్ డేటా కన్నా ఇదే నయం. మీ అంచనాలు, మీ తప్పులు మీవే కాబట్టి ఎంత లోతుగా అడిగినా చెప్పగలరు.

నా నోటుబుక్కు సగటు పోయిన సీజన్‌లో 0.27. ఆట ఏళ్లుగా చూస్తున్నవాణ్ని. కళ్లు మూసుకుని అన్నిటికీ 50 రాసినవాడు నాకంటే మేలు.