లక్షణమూ, లక్ష్యమూ, లీటరు డీజిలూ

మైళ్ళను మన దేశం విడిచిపెట్టి తరాలు గడిచినవి. దూరం కొలిచేది కిలోమీటర్లలో, నూనె పోయించేది లీటర్లలో. అయినా "మీ బండి మైలేజీ ఎంతండీ?" అన్న ప్రశ్న మన నాలుకను విడవలేదు. అర్థం జారిపోయినా మాట నిలిచి ఉండటం భాషకు కొత్త కాదు కనుక ఆ ప్రశ్న మీద నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమంతా ఆ ప్రశ్నకు అమ్మేవారి కరపత్రం చెప్పే సమాధానం మీద. అందునా డీజిలు కార్ల విషయంలో. డీజిలు కారు కొనే గృహస్థు దాని సొగసు చూసి కొనడు, ఆ ఒక్క అంకె చూసి కొంటాడు. పెట్రోలు బండి కన్నా లక్ష రూపాయలు ఎక్కువ పెట్టడానికి సిద్ధపడేది ఆ అంకె ఇచ్చిన భరోసాతోనే.

2017లో వచ్చిన మారుతి డిజైర్ డీజిలు కారుకు ప్రకటించిన అంకె లీటరుకు 28.40 కిలోమీటర్లు. దశాంశ బిందువు తరువాత రెండు స్థానాలు! కంసాలి త్రాసులో తూచినట్లుగా ఉన్నది. ఇది అబద్ధమా అంటే, కాదు. పరీక్ష జరిగినది, ఫలితం వచ్చినది. అయితే ఆ పరీక్ష ఎటువంటిదో చదువరులు తెలుసుకోవాలి.

మన దేశంలో ఇటువంటి పరీక్షలు చేసే సంస్థలలో ప్రసిద్ధమైనది పుణెలోని ఆటోమోటివ్ రిసెర్చ్ అసోసియేషన్. 1966లో ఏర్పడినది. ఇన్నేళ్ళుగా అనుసరించిన పద్ధతిలో కారు రోడ్డెక్కదు. గదిలో రోలర్ల మీద నిలిపి, ముందే వ్రాసిపెట్టిన వేగపట్టిక ప్రకారం దాని చక్రాలను తిప్పుతారు. మొత్తం 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు కొంచెం తక్కువ. సాగే దూరం పదకొండు కిలోమీటర్లకు లోపు. గరిష్ఠ వేగం గంటకు 90. ఏసీ వేయరు. నిలిచి ఉన్న బండి యాభై వేగాన్ని అందుకోవడానికి ఆ పట్టిక 26 సెకన్ల వ్యవధి ఇస్తుంది. విజయవాడ బెంజి సర్కిలు దగ్గర పచ్చదీపం పడ్డాక ఎవరైనా అంత తీరుబడిగా కదిలితే వెనక ఉన్న ఆటోవాడు ఊరుకుంటాడా? ఖర్చైన డీజిలును కూడా పాత్రతో కొలవరు. పొగగొట్టం నుండి వెలువడిన వాయువులలోని కర్బనాన్ని లెక్కగట్టి, ఎంత నూనె కాలినదో నిర్ణయిస్తారు. విస్తరి చూడకుండా త్రేన్పును బట్టి భోజనం అంచనా కట్టడం వంటిది ఇది. నవ్వవద్దు, ఈ పద్ధతి శాస్త్రీయమైనదే, దీనిలో దోషం లేదు. దోషమల్లా ఆ పట్టిక మన రోడ్డును పోలి ఉండకపోవడంలో ఉన్నది.

వ్యాకరణం చెప్పుకుని బ్రతికినవాణ్ణి కనుక ఆ పరిభాషలోనే చెబుతాను. లోకంలో ఉన్న ప్రయోగం లక్ష్యం. దానిని చూసి కట్టిన సూత్రం లక్షణం. లక్ష్యం మారినప్పుడు లక్షణాన్ని సవరించుకోవాలే తప్ప, లక్షణానికి లొంగలేదని లోకాన్ని తప్పుపట్టకూడదు. కంపెనీలవారు చేసేది సరిగా ఆ రెండవ పని. "మీరు నడిపే తీరు బాగులేదండీ" అంటారు. ఆ కరపత్రంలోని అంకెను నేనైతే తెలుగు వ్యాకరణంలోని "బహుళం" క్రింద జమకడతాను. బహుళమంటే ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట వికల్పం, మరొకచోట మరేదో అవుతుంది. దానికి దశాంశ స్థానాలు తగిలించడమే విడ్డూరం.

మా ఇంటి డీజిలు బండికి (పేరు అప్రస్తుతం) నాలుగేళ్ళు చిట్టా వ్రాశాను. కరపత్రం వాగ్దానం ఇరవై రెండుకు పైగా. ఊళ్ళో తిరుగుళ్ళకు వచ్చినది పద్నాలుగు. హైదరాబాదు రహదారి మీద ఎనభై దాటకుండా నేను నడిపితే పందొమ్మిది. అదే దారిలో మా అబ్బాయి నూటపదిలో నడిపితే పదహారు. బండి ఒకటే, నూనె ఒకటే. ఈ అంకెలను సగటు చేయబోయేవారికి ఒక హెచ్చరిక. వంద కిలోమీటర్లు లీటరుకు ఇరవై చొప్పున, మరొక వంద లీటరుకు పది చొప్పున పోతే సగటు పదిహేను కాదు. కాలినవి అయిదూ పదీ కలిపి పదిహేను లీటర్లు, నడిచినది రెండువందలు. కనుక సగటు 13.3. యూరపువారు వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడుగుతారు కాబట్టి వారికి ఈ బెడద లేదు. ఆ ప్రశ్నే సరైనది.

యూరపులోనూ ఇదే కథ నడిచినది. అక్కడి పాత పరీక్ష మన దానికి మాతృక. అధికారిక అంకెకూ రోడ్డు మీది వాస్తవానికీ నడుమ 2001లో తొమ్మిది శాతం చొప్పున ఉన్న తేడా 2015 నాటికి 42 శాతానికి పెరిగినదని ఐ.సి.సి.టి. అనే పరిశోధన సంస్థ తేల్చినది. ఇంజనీరు పరీక్షకు చదివాడు, పాఠానికి కాదు! (ఈ జాతి విద్యార్థులను నేను చాలామందిని చూశాను.) 2015 సెప్టెంబరులో బయటపడిన ఫోక్స్‌వాగన్ వ్యవహారం దీనికి భిన్నమైనది. అది విషవాయువుల విషయం, ఇంధనం విషయం కాదు. అక్కడ బండి తాను పరీక్షలో ఉన్నానని గుర్తుపట్టి సాధువేషం వేసినది. అయినా రెండింటికీ మూలం ఒకటే: ముందే తెలిసిన ప్రశ్నపత్రం.

ఆ తరువాత వారు లక్షణాన్ని సవరించుకున్నారు. 2017 నుండి అరగంటసేపు సాగే, 131 వేగం దాకా పోయే కొత్త పరీక్ష తెచ్చారు. అంతటితో ఆగక, 2021 నుండి అమ్మే ప్రతి కొత్త కారూ తాను త్రాగిన ఇంధనాన్ని తానే లెక్కపెట్టి దాచేటట్లు నియమం చేశారు. ఆ లెక్కలను యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో ప్రకటించినది. డీజిలు కార్లు అధికారిక అంకె కన్నా 18.1 శాతం, పెట్రోలు కార్లు 23.7 శాతం అధికంగా త్రాగుతున్నాయట.

డీజిలు మీద కత్తి నూరేవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మాట తప్పడంలో డీజిలు పెట్రోలు కన్నా నయమే. నిలబడి ఉన్నప్పుడూ, మెల్లగా పాకుతున్నప్పుడూ అది తక్కువ త్రాగుతుంది. ట్రాఫిక్కులో దాని మర్యాద అంత త్వరగా పోదు. లెక్క వేసి చూద్దాం. పెట్రోలు లీటరు 110, డీజిలు 98 అనుకోండి. కరపత్రం ప్రకారం పెట్రోలుకు 20, డీజిలుకు 25 వస్తే కిలోమీటరుకు మిగిలేది రూపాయి 58 పైసలు. అదనంగా పెట్టిన లక్ష తిరిగి రావడానికి సుమారు 63 వేల కిలోమీటర్లు నడవాలి. రెండు బళ్ళూ సమానంగా ఇరవై శాతం ఎక్కువ త్రాగితే? మిగులు రూపాయి 90 పైసలకు పెరిగి, లక్ష 53 వేలకే తిరిగి వస్తుంది! మాట తప్పినందువల్ల బేరం లాభించినదన్నమాట. కానీ ఈ గణితం నెల ఖర్చుకు అక్కరకు రాదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే పింఛనుదారు 3,920 రూపాయలు అనుకున్నచోట 4,704 చెల్లిస్తాడు. ఆ తేడాకు బాధ్యులెవరు?

ఒక కుటుంబం మాట అటుంచండి. కంపెనీలు తమ కార్ల సగటు బొగ్గుపులుసు వాయువును ఇంత లోపు ఉంచాలని 2017 నుండి మన ప్రభుత్వం నియమం పెట్టినది. మొదట కిలోమీటరుకు 130 గ్రాములు, 2022–23 నుండి 113. ఆ గ్రాములను లెక్కించేదీ గదిలోని అంకెతోనే. దేశం చమురు పొదుపు చేసుకున్నదని కాగితం మీద సంతోషిస్తూ ఉంటే, బంకు దగ్గర లీటర్లు వేరే లెక్క చెబుతుంటాయి. కనుక ఇక్కడ కూడా రోడ్డు మీది లెక్కలను కంపెనీల నుండి రాబట్టి, ప్రతి నమూనాకూ కరపత్రంలో గది అంకె పక్కనే, అదే పరిమాణపు అక్షరాలలో అచ్చువేయించాలి. నక్షత్రపు గుర్తు పెట్టి అడుగున చీమతలకాయలంత అక్షరాలతో "నియమిత పరిస్థితులలో" అని వ్రాస్తే చాలదు. ఇప్పటి కార్లు చాలావరకు సగటును ముందరి పలక మీద తామే చూపుతున్నాయి. ఉన్న సమాచారాన్ని పోగుచేయమనడమే తప్ప కొత్త యంత్రమేదీ కనిపెట్టమనడం లేదు.

అంతవరకు చిట్టా వ్రాసుకునేవారు ఎప్పుడూ ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గొట్టం తనంతట తాను ఆగేదాకా పోయించండి. మళ్ళీ అక్కడే అట్లాగే నింపించి, పట్టిన లీటర్లతో నడిచిన దూరాన్ని భాగించండి. ఒక ట్యాంకు లెక్కను నమ్మవద్దు, కనీసం అయిదారు ట్యాంకులు కావాలి. ఎండాకాలం చిట్టాను వేరుగా ఉంచండి, ఏసీ వాటా ఎంతో అందులో తేలుతుంది.