బొమ్మయు సాక్ష్యమే

వ్రాసిన విషయమును చేతికిచ్చినంతనే దానిని దృశ్యములుగా విభజించి, బొమ్మలు కూర్చి, కంఠస్వరము చేర్చి, కొలది నిమిషములలో వీడియోగా మార్చి యిచ్చు యంత్రసాధనములు నేడు ఇంటర్నెట్టులో సులభముగా లభించుచున్నవి. ఇన్‌వీడియో, పిక్టరీ, లూమెన్‌ఫైవ్ మొదలగునవి యీ కోవలోనివే. తిరుపతి, చిత్తూరు పట్టణములలో వర్తకులును, విద్యార్థులును, సంఘములవారును వీనిని వాడుచున్నారు. మేము వీనిని నిందింపము. ఒకప్పుడు చిన్న చిత్రము తీయవలెనన్నను మదరాసు పోవలసి యుండెను. స్టూడియో అద్దెను భరింపగల ధనికునకు తప్ప ఇతరులకు తెరమీద నోరు లేకుండెను. నేడు బంగారుపాళ్యము రైతు తన మొఱను సెల్‌ఫోనులోనే దృశ్యరూపమున వినిపింపగలుగుట స్వల్పలాభము కాదు. అయితే ఆ మొఱ యెవరి బొమ్మలతో వినబడుచున్నదో విచారింపవలసి యున్నది.

2025వ సంవత్సరపు వేసవిలో మన సీమయందు తోతాపురి మామిడి ధర కూలిపోయిన సంగతి పాఠకులు మఱచి యుండరు. రైతునకు కిలో ఒక్కింటికి 12 రూపాయలు అందవలెననియు, అందు 8 రూపాయలు గుజ్జు కర్మాగారములవారును 4 రూపాయలు ప్రభుత్వమును ఇయ్యవలెననియు రాష్ట్రప్రభుత్వము నిర్ణయించెను. ఈ విషయమును గూర్చి పది వాక్యములు వ్రాసి, అట్టి సాధనమొకదానికి ఇచ్చి చూచితిమి. పది దృశ్యములు వచ్చినవి. మొదటిదానిలో ఎఱ్ఱని చెంపలు గల గుండ్రని మామిడిపండ్లు! తోతాపురికి చిలుకముక్కు వంటి కొన యుండునని ఆ యంత్రమునకు ఎవరు చెప్పిరి? రెండవదానిలో వెడల్పు టోపీ పెట్టుకొని ట్రాక్టరు తోలుచున్న దొర. గుజ్జు అన్నచోట పరదేశపు వంటయింటిలోని గిన్నె. ధర కూలిపోయెనను వాక్యమునకు కూలుచున్న మేడ!

నవ్వు వచ్చినమాట నిజమే. కాని యీ వీడియోనే అర్జీకి జతపఱచి కలెక్టరు గారికి పంపినచో నేమగును? ఎదుటిపక్షమువారు వాదింప పనిలేదు. మొదటి బొమ్మను చూపి, "ఇది తోతాపురి పండేనా? పండునే యెఱుగనివారి లెక్కలను నమ్మనేల?" అని ఒక్క ప్రశ్న వేసిన చాలును. పది నిజములైన వాక్యములు ఒక్క తప్పు బొమ్మతో కొట్టుకొనిపోవును. నష్టపడువాడు వీడియో చేసిన యువకుడు కాడు, కిలోకు నాలుగు రూపాయల కొఱకు ఎదురుచూచుచున్న రైతు.

ఇట్లేల జరుగుచున్నదో తెలిసికొనుట కష్టము కాదు. యంత్రము మన వ్రాతను వాక్యములుగా త్రుంచి, ఒక్కొక్కదానిలో ముఖ్యమని తోచిన మాటను ఏరి, బొమ్మల భాండాగారములో ఆ మాట చీటీగా నున్న దృశ్యమును తెచ్చి అతికించును. ఆ చీటీలు విశేషభాగము ఇంగ్లీషులో వ్రాయబడినవి. తగినది దొరకనిచోట కొన్ని సాధనములు తామే బొమ్మను కల్పించును. దానికి పోలిక తెలియును గాని పొలము తెలియదు. అయినను ఆ సాధనమే దిద్దుబాటునకు దారిని కూడ నిచ్చుచున్నది. ఏ దృశ్యమునైనను ఎన్నుకొని బొమ్మను మార్చవచ్చును. మనము తీసిన ఛాయాచిత్రమును అచట నుంచవచ్చును. ఒక దృశ్యమును రెండుగా చీల్చవచ్చును, రెంటిని కలుపవచ్చును, నిడివిని పెంచవచ్చును, తగ్గింపవచ్చును. చిన్న వీడియోకు ఈ పని అరగంటలో ముగియును. జనులు వెచ్చింపక విడిచిపెట్టుచున్నది ఆ అరగంటనే.

కథను దృశ్యములుగా విభజించుట మనవారికి క్రొత్తవిద్యయా? శ్రీకాళహస్తి కలంకారీ తెరలను చూడుడు. రామాయణమును గడులుగా విభజించి, గడిగడికి తెలుగున వివరణ వ్రాయుదురు. ఏ ఘట్టమునకు పెద్ద గడి, దేనికి చిన్నది అన్నది చిత్రకారుని వివేకము. 1957లో అచట శిక్షణకేంద్రము వెలసి ఆ విద్యను నిలిపినది. ఆ విద్యలో పెద్దలైన జె. గుఱప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ లభించెను. బందరులో చెక్కదిమ్మెతో అద్దుదురు, కాళహస్తిలో వెదురుకలముతో గీయుదురు. బందరు పనివారిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. దిమ్మెను చెక్కినదియు మనుష్యుని చేయియే. కాని యీ యంత్రము వేయు దిమ్మెలు మనము చెక్కినవి కావు.

తిరుమల విషయమై మఱింత జాగరూకత వలయును. ఆలయములోనికి కెమేరాను గాని సెల్‌ఫోనును గాని పోనీయరు. కావున భక్తులు తీసిన గర్భాలయ దృశ్యమని యంత్రము చూపునది కల్పితమో, నమూనాయో, మఱియొక చోటిదో అయి యుండును. తెల్లని మహాద్వారగోపురమునకు మాఱుగా రంగుల గోపురమును చూపినచో పిల్లలైనను పట్టుకొందురు. 2025 జనవరి 8వ తేదీ రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై చేరిన జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించిరి. అట్టి వార్తకు ఏ దేశపు గుంపునో తెచ్చి అతికించుట అపచారము. మృతుల బంధువులును ఆ వీడియోను చూతురు గదా!

న్యాయస్థానములో ఎలక్ట్రానిక్ రికార్డును దాఖలు చేయువాడు ధ్రువపత్రమును జతపఱచవలెనని, 2024 జులై 1 నుండి అమలులో నున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను విధించుచున్నది. పఠనమందిరములో కూర్చుండి చూచు పౌరునకు అట్టి రక్షణ లేదు. కేంద్రప్రభుత్వము 2026 ఫిబ్రవరిలో నియమములను సవరించి, యంత్రకల్పిత దృశ్యములకు గుర్తు ఉండవలెనని నిర్బంధించెను. మంచిదే. కాని ఆ నిర్బంధము కల్పితమైన బొమ్మను గూర్చినది. నిజముగానే తీయబడి, తప్పుచోట అతికింపబడిన బొమ్మకు ఏ గుర్తును లేదు. మిల్లుగుడ్డను ఖద్దరని అమ్మువాడు మిల్లుగుడ్డను కల్పింపలేదు గదా! ఈ లోపమును చట్టము పూరించువఱకు వీడియోను వెలువరించువాడే బాధ్యుడు. యంత్రము చేసినదని చెప్పి తప్పించుకొనుటను మేము అంగీకరింపము. క్రింద తన పేరు వేసికొనువాడు ప్రతి దృశ్యమును చూచి తీరవలెను.

భాండాగారములో మన బొమ్మలు లేకుండుటకు మనమును కొంత కారణము. 1954లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందును, 1983లో నెలకొన్న పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునందును వేలకొలది విద్యార్థులు గలరు. చాలమంది జేబులో కెమేరా ఉన్నది. దామలచెరువు మామిడిసంతను, చిత్తూరు గుజ్జు కర్మాగారముల వాకిట నిలిచిన బండ్లను, కాళహస్తి కలమును వారు చిత్రించి, స్థలమును తేదీని స్పష్టముగా వ్రాసి, ఎల్లరును ఉచితముగా వాడుకొనుటకు వికీమీడియా కామన్సులో నుంచవచ్చును. దీనికి చందాలు అక్కఱలేదు. తోతాపురి కోతలు సాగు జూన్ నెలలోనే పని ఆరంభించుట మేలు. చీటీలను తెలుగుతోపాటు ఇంగ్లీషున కూడ వ్రాయుడు. ప్రస్తుతమునకు యంత్రము వెదకునది ఆ భాషలోనే.